మేడగదిలో మైనింగ్: మొనేరోనా, జీక్యాష్‌నా?

పర్లాకిమిడిలో మా మేడగదిలోని పాత డెస్క్‌టాప్‌ను చూపి, దీనిపై మొనేరో తవ్వడం మేలా, జీక్యాష్ తవ్వడం మేలా అని మేనల్లుడు అడిగాడు. రెండూ క్రిప్టోకరెన్సీలే; కంప్యూటర్‌తో కఠినమైన లెక్కలు చేయించి, ప్రతిఫలంగా కొత్త నాణేలు పొందడమే తవ్వడం, అంటే మైనింగ్. జవాబు ఆ రెండింటి అల్గారిథమ్‌లలోనే, అంటే ఆ లెక్కల పద్ధతుల్లోనే ఉంది.

మొనేరో 2019 నవంబరు నుంచి రాండమ్‌ఎక్స్ అనే అల్గారిథమ్‌ను వాడుతోంది. ఇందులో యాదృచ్ఛికంగా పుట్టే చిన్న ప్రోగ్రామ్‌లను ప్రాసెసర్ నడపవలసి ఉంటుంది కనుక, ఒకే లెక్కను తిప్పితిప్పి చేసేందుకే తయారైన ఏసిక్ (ప్రత్యేక చిప్) యంత్రానికి పెద్దగా ఆధిక్యం దక్కదు. వేగంగా నడవాలంటే 2 జీబీకి కాస్త పైగా ర్యామ్, ఒక్కో థ్రెడ్‌కు (ప్రాసెసర్ ఒకేసారి నడిపే పనుల్లో ఒక్కోదానికి) 2 ఎంబీ క్యాష్ మెమరీ, అంటే ప్రాసెసర్‌లోనే ఉండే వేగవంతమైన మెమరీ కావాలి. మా యంత్రంలో క్యాష్ మెమరీ 8 ఎంబీయే కాబట్టి నాలుగు థ్రెడ్లు దాటితే ప్రయోజనం లేదు. 2018లో ఏసిక్‌లు బయటపడగానే అల్గారిథమ్‌నే మార్చి వాటిని మూలకు నెట్టిన పట్టుదల మొనేరో వర్గానిది.

2016 అక్టోబరులో మొదలైన జీక్యాష్ కూడా ఏసిక్‌లను దూరం పెట్టాలనే మెమరీని ఎక్కువగా కోరే ఈక్విహ్యాష్‌ను ఎంచుకుంది. అయితే 2018లో అవి వచ్చినప్పుడు అల్గారిథమ్‌ను మార్చలేదు కనుక, జీక్యాష్ తవ్వాలంటే ఏసిక్‌నే కొనాలి. అలాంటి ఏసిక్ యంత్రమైన ఆంట్‌మైనర్ జెడ్15 సుమారు 1,510 వాట్లు, అంటే రోజుకు 36 యూనిట్ల కరెంటు తీసుకుంటుంది. వైశాఖపు ఎండల్లో ఆ వేడినీ హోరునూ ఇంట్లో భరించడం, నా మట్టుకు నాకు, అసాధ్యం.

లావాదేవీల గోప్యత మొనేరోలో తప్పనిసరి, జీక్యాష్‌లో ఐచ్ఛికం. గణితపరంగా జీక్యాష్ పద్ధతే నాకు నచ్చుతుంది. అయినా మేనల్లుడికి మొనేరోనే చెప్పాను, అదీ నాలుగు థ్రెడ్లతో, రాత్రిపూట మాత్రమే.