క్యాంపర్ వ్యాన్ ట్యాంకుకు బోరు పైపా, ప్లాంటు క్యాన్లా?

నల్లగొండ జిల్లాలో క్యాంపర్ వ్యాన్‌లో, అంటే లోపలే ఉండి వండుకునే బండిలో తిరిగేటప్పుడు, దాని నీళ్ల ట్యాంకు నింపడానికి సులువైనది బోరు పైపే. దాబా దగ్గర మర్యాదగా అడిగితే కాదనరు. వంద లీటర్లు కాసేపట్లో నిండుతాయి. కానీ మర్రిగూడ, నాంపల్లి వైపు బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగేనీళ్లలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. రంగులో, రుచిలో తెలియదు. కాచితే పోదు సరికదా, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరూ ఆపలేదు. నాలుగు రోజులు తాగితే ఏమీ కాదు గానీ, నెలల తరబడి తిరిగేవాళ్లు, పళ్లు వచ్చే వయసు పిల్లలున్నవాళ్లు జాగ్రత్తపడాల్సిందే.

ఆర్వో ప్లాంటు నీళ్లలో ఫ్లోరైడ్ చాలావరకు పోతుంది. అయితే ఇరవై లీటర్ల క్యాన్లు ఐదు ఎత్తి గరాటాతో పోయాలి, నడుము విరుగుతుంది. క్యాను లోపల వేలు పెట్టి చూడండి. జిగటగా తగిలితే మార్చమనండి.

నేనైతే ట్యాంకులో బోరు నీళ్లు స్నానానికి, గిన్నెలకు పట్టి, తాగడానికీ వంటకూ రెండు క్యాన్లు విడిగా పెడతాను. పైపు మాత్రం మన సొంతదే వాడాలి, ముందు కొన్ని నీళ్లు వదిలేయాలి. మిషన్ భగీరథ నల్లా వదిలే వేళకు ఊళ్లో ఉంటే, శుద్ధిచేసిన ఆ నీళ్లే అడిగి పట్టుకోండి.