కేయూలో పీజీ: హాస్టలా, రూమా, అప్ అండ్ డౌనా? ఏది మేలు?

కాకతీయ యూనివర్సిటీలో పీజీ సీటు ఖాయం కాగానే ఇంట్లో మొదలయ్యేది డబ్బు లెక్క. హాస్టల్‌కు ఎంత, రూముకు ఎంత, ఇంటి నుంచే పోయొస్తే ఎంత మిగులుతది అని. అది సగం లెక్కే. సాయంత్రం అయిదు తర్వాత చేతిలో ఎన్ని గంటలు మిగులుతాయన్నది రెండో సగం. చదువైనా, నిద్రైనా, నలుగురితో కలిసి కూర్చోవడమైనా ఆ గంటల్లోంచే రావాలి.

ముందు అప్ అండ్ డౌన్. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడపిల్లలకు జీరో టికెట్టే. దాంతో పరకాల, నర్సంపేట, జనగామ అమ్మాయిలకు ఇంటి నుంచే పోయిరావడం లాభమనిపిస్తుంది. అయితే చూడాల్సింది కిలోమీటర్లు కాదు, ఎన్ని బండ్లు మారాలన్నది. హుజూరాబాద్, ఎల్కతుర్తి నుంచి వచ్చే బస్సు హసన్‌పర్తి మీదుగా వచ్చి కేయూ క్రాస్‌రోడ్డు దగ్గరే దింపుతుంది. నర్సంపేట వాళ్లు హన్మకొండ దాకా వచ్చి ఇంకో బండి పట్టుకోవాలి. జనగామ నుంచి రైల్లో వస్తే కాజీపేటలో దిగి చౌరస్తాకు ఒక ఆటో, అక్కణ్నుంచి కేయూకు ఇంకోటి. దూరం తక్కువే అయినా ఆటో నిండే దాకా ఆగడం రోజూ ఉండేదే.

చేరకముందే ఒక పనిరోజు గడప దాటినప్పటి నుంచి క్లాసు తలుపు దాకా గడియారం చూసుకోండి. ఒక వైపు గంట లోపైతే ఫరవాలేదు. గంటన్నర పడితే రోజుకు మూడు గంటలు, ఆరు రోజులకు పద్దెనిమిది. రైల్లో సీటు దొరికితే అందులో కొంత చదువుకు పనికొస్తుంది, బస్సులో నిలబడి వచ్చేవాళ్లకు అదీ లేదు. విద్యార్థి సీజన్ టికెట్‌కు కాలేజీ నుంచి కన్సెషన్ ఫారం తీసుకెళ్లాలి. అది చెల్లేది జనరల్ బోగీలోనే, సూపర్‌ఫాస్ట్ ఎక్కాలంటే సర్‌చార్జీ వేరు.

సబ్జెక్టును బట్టి కూడా తేడా ఉంటుంది. ఎంఏ తెలుగు, ఎకనామిక్స్ వాళ్లు పుస్తకం ఇంటికి తీసుకుపోవచ్చు. కెమిస్ట్రీ ల్యాబ్ ఇంటికి రాదు. కాలమ్ (సిలికా పొడి నింపిన గొట్టంలోంచి సాల్వెంట్, అంటే ద్రావకం, పోనిచ్చి మిశ్రమాన్ని విడదీయడం) నడుస్తుండగా బస్సు టైమైందని వదిలేస్తే సాల్వెంట్ అయిపోయి సిలికా ఎండుతుంది, పగుళ్లు పడుతుంది. మళ్లీ సాల్వెంట్ పోసినా అది పగుళ్ల వెంట జారిపోయి విడదీసిన బ్యాండ్లు (ఒక్కో పదార్థం పట్టీ) కలిసిపోతాయి. రోజంతా చేసిన పని దండుగ. ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్ ఉన్నవాళ్లకు అప్ అండ్ డౌన్ వద్దనే చెప్పాలి.

ఇంకో చిక్కు ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఇంట్లో ఉన్న పిల్లకు, పిల్లగానికి పని చెప్పకుండా ఎవరుంటరు? పత్తి ఏరే రోజులు చాలాసార్లు సెమిస్టర్ పరీక్షల దగ్గరే పడతాయి.

హాస్టల్ బలం ఖర్చు తక్కువ కావడం ఒక్కటే కాదు. సీనియర్ల నోట్సు, పాత ప్రశ్నపత్రాలు, నెట్, సెట్‌కు (లెక్చరర్ అర్హత పరీక్షలకు) కలిసి చదివే జట్టు అక్కడ అడగకుండానే దొరుకుతాయి. ఊరి నుంచి మొదటిసారి బయటికి వచ్చినవాళ్లకు రాత్రి ఒంటరితనం కూడా అంతగా తెలియదు. బలహీనత గోల. పదకొండు దాటినా వరండాలో మాటలు ఆగవు. దానికి మందు లైబ్రరీ. రూములో చదువుదామని కూర్చుంటే ఆ సాయంత్రం పోయినట్టే.

హాస్టల్‌లో ఇండక్షన్ స్టవ్ పెట్టొద్దనేది వార్డెన్ చాదస్తం కాదు. స్టవ్ 2,000 వాట్లదైతే 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. ఫ్యాన్లు, లైట్ల లైనుకు సాధారణంగా ఉండేది 6 ఆంపియర్ల ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనంతట తానే కరెంటు ఆపేసే స్విచ్చి), అంటే 1,380 వాట్లు. ఎంసీబీ పడిపోయి ఆ లైను మీదున్న రూములన్నీ చీకటవుతాయి. పడిపోకుండా ఎవరైనా పెద్ద ఎంసీబీ బిగించారంటే ఇంకా ప్రమాదం, గోడలో వైరు కాలుతుంది.

స్కాలర్‌షిప్ మీద ఆధారపడ్డవాళ్లు ఎక్కడున్నా 75 శాతం హాజరు చూసుకోవాలి. బస్సు ఆలస్యమై మొదటి పీరియడ్ తరచూ పోగొట్టుకునేవాళ్లకే ఇది ఎక్కువ తగులుతుంది.

రూము తీసుకుంటే నయీంనగర్, కిషన్‌పుర, గోపాలపూర్, భీమారం వైపు వెతుకుతారు. నయీంనగర్ నాలాకు దగ్గర్లో గ్రౌండ్ ఫ్లోర్ మాత్రం వద్దు. 2020 ఆగస్టులో, 2023 జూలైలో ఆ చుట్టుపక్కల కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. అద్దె తగ్గిస్తామన్నా సర్టిఫికెట్లు, ల్యాప్‌టాప్ పెట్టుకునే చోటు అది కాదు. తర్వాత అడగాల్సింది కరెంటు మీటరు. ఓనరు మీటరు మీదే నడిస్తే మీ యూనిట్లు వాళ్ల యూనిట్లతో కలిసి పై స్లాబులోకి పోతాయి, ఆ భారం మీ మీద పడుతుంది. విడి మీటరు లేకపోతే సబ్ మీటరైనా పెట్టించుకుని, దిగిన రోజు రీడింగ్ ఫొటో తీసి ఓనరుకు పంపండి. బట్టలు డాబా మీద ఆరేస్తే కోతుల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఒక్కరే ఉండే రూముకంటే ఇద్దరుండేది మేలు. వండుకోవడం ఇద్దరికైతేనే నిలుస్తుంది. ఒక్కరికే అయితే నెల తిరక్కుండానే కర్రీ పాయింట్ పాలవుతుంది. గ్యాస్‌కు 5 కిలోల చిన్న సిలిండర్ ఏజెన్సీలోనే గుర్తింపు కార్డు చూపించి తీసుకోవచ్చు. పెద్ద సిలిండర్ నుంచి చిన్నదానిలోకి ఎక్కించి అమ్మే దుకాణాల జోలికి పోకండి.

కొత్తగా చేరేవాళ్లకు మొదటి ఏడాది హాస్టలే సరి. అలాట్‌మెంట్ ఆలస్యమైతే నెల నెలా వదిలేసే షరతుతో రూము చూసుకోండి, ఏడాది అగ్రిమెంట్ చేసుకోవద్దు. ఒకే బస్సులో గంటలోపు చేరే ఎంఏ విద్యార్థులకు ఇల్లే మేలు. పీహెచ్‌డీ వాళ్లకు రూము నప్పుతుంది. దసరాకు, సంక్రాంతికి మెస్ మూసినా వాళ్ల పని ఆగదు కాబట్టి. అయితే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలున్న జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) తీసుకునేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. యూనివర్సిటీ హాస్టల్ ఇస్తామన్నాక వద్దంటే హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) పోవచ్చు. అందుకని రూము అడ్వాన్సు ఇచ్చేముందే హాస్టల్ ఖాళీ లేదన్న కాగితం తీసుకోండి.

అప్ అండ్ డౌన్ వాళ్లకు రెండేళ్లకోసారి మేడారం జాతర వారం ఉంది. ఆర్టీసీ బస్సులు పెద్ద ఎత్తున అటే మళ్లుతాయి. ఆ వారానికి క్యాంపస్ దగ్గర ఎవరి రూములో ఉండాలో ముందే మాట్లాడిపెట్టుకోండి.