రీబిల్ట్ 700ఆర్4 గేర్‌బాక్స్ కొనేవాళ్ళకి హెచ్చరిక: నా గేర్‌బాక్స్‌ని నాకే అమ్మజూపిన ఘనుడు

డల్లాస్ చుట్టుపక్కల పాత చెవీ ట్రక్కులు పెట్టుకున్న మనవాళ్ళందరూ ఇది చదవండి. పాత గేర్‌బాక్స్‌లు విప్పి, బాగుచేసి (అదే రీబిల్ట్) అమ్మే ఆ షాపు ఏదో మీకు తెలుసు. "మన తెలుగాయనే, బాగా చేస్తాడు" అని ఏ ఫంక్షన్‌కి వెళ్ళినా ఎవరో ఒకరు చెప్తూనే ఉంటారు. పేరు రాయను. రాస్తే లాయర్ నోటీసు పంపిస్తానని ముందే సెలవిచ్చాడు. ఇంకా ఒళ్ళు మండిపోతూనే ఉంది, ఎక్కడైనా మాట తూలితే ఏమీ అనుకోకండి.

నాది 1972 చెవీ సీ10 పికప్. 350 ఇంజన్, వెనక ఇరుసు గేరు నిష్పత్తి 3.73, మధ్యలో టర్బో 350 ఆటోమేటిక్ గేర్‌బాక్స్. మూడే గేర్లు. 28 అంగుళాల టైర్లతో హైవే మీద 70 మైళ్ళ వేగంలో పోతుంటే ఇంజన్ నిమిషానికి 3,100 చుట్లు దాటి తిరుగుతుంది. మా ఆవిడ ఆ ట్రక్కు ఎక్కడం ఎప్పుడో మానేసింది. నాలుగో గేరుగా 0.70 ఓవర్‌డ్రైవ్ పడితే అదే 70లో 2,200. ఈ లెక్క మీకు నేను చెప్పక్కర్లేదు, అందరం దాని కోసమేగా తిరుగుతున్నది.

అసలు నా మనసు 200-4ఆర్ అనే నాలుగు గేర్ల గేర్‌బాక్స్ మీద ఉండేది. పొడవు 27.7 అంగుళాలు, అంటే పొట్టి తోక టర్బో 350 ఎంతో అదీ అంతే. డ్రైవ్‌షాఫ్ట్ (వెనక చక్రాల వైపు వెళ్ళే రాడ్డు) కోయక్కర్లేదు, గేర్‌బాక్స్‌ని మోసే క్రాస్‌మెంబర్ వెనక్కి జరిపితే సరిపోతుంది. 4ఎల్60ఈ అనుకుంటే దానికి విడిగా కంట్రోలర్, సెన్సర్లు, వైరింగ్. కార్బురేటర్ బండికి ఆ తలనొప్పి ఎందుకని వదిలేశా. 4ఎల్80ఈ మంచి గట్టి సరుకే, కానీ ట్రైలర్లు లాగేవాళ్ళకి. ఇంత ఆలోచించుకుని వెళ్ళిన వాణ్ణి, ఆ కౌంటర్ ముందు నిలబడిన కాసేపట్లో మెత్తబడిపోయా.

"200-4ఆరా? అది బ్యూయిక్ కార్లలో వచ్చింది అన్నా, ట్రక్కుకి ఆగదు. 700ఆర్4 తీసుకోండి. మొదటి గేరు 3.06, మీది 2.52. సిగ్నల్ దగ్గర ఎలా లేస్తుందో మీరే చూస్తారు."

గేర్ల అంకెలు నిజమే. ఆ బ్యూయిక్ కార్లలో గ్రాండ్ నేషనల్ కూడా ఉందని, ఆ టర్బోచార్జ్ ఇంజన్‌ని మోసింది ఆ 200-4ఆరే అని నాకు ఇంటికొచ్చి అన్నం తింటుంటే గుర్తొచ్చింది. అప్పటికే డబ్బు కట్టేశా.

అయినా అడగాల్సిన ప్రశ్న అడిగాను. ఏ సంవత్సరంది అని. 700ఆర్4 వచ్చింది 1982లో. మొదటి మూడేళ్ళ వాటిలో ఇన్‌పుట్ షాఫ్ట్‌కి (ఇంజన్ వైపు ఉండే రాడ్డు) 27 స్ప్లైన్లే, అంటే 27 పళ్ళే ఉంటాయి, 1985 నుంచి 30. ఆ తొలి బ్యాచ్‌లకి ఎంత చెడ్డపేరు ఉందో మీకు తెలుసు. 87 తర్వాత వచ్చినవైతే లోపల చాలావరకు సరిచేసినవి. 1990లో దీనికే 4ఎల్60 అని పేరు మార్చారు. అందుకని 87కి తక్కువైతే నాకొద్దని ముందే చెప్పా.

"ఎయిటీ ఎయిట్ అన్నా. నేనే విప్పా, నేనే బిగించా." ఇన్వాయిస్ మీద కూడా తన చేత్తోనే "87 ప్లస్, 12 నెలల వారంటీ" అని రాశాడు. 1,850 డాలర్లు. కార్డు అయితే మూడు శాతం ఎక్కువ పడుతుంది, జెల్ (బ్యాంకు నుంచి బ్యాంకుకి నేరుగా డబ్బు పంపే యాప్) చేసేయండి అన్నాడు. చేసేశా. యాభై డాలర్ల పైచిలుకు మిగిలిందని సంతోషపడిన మహానుభావుణ్ణి.

ఇక కోర్ సంగతి. మామూలుగా కోర్ కింద, అంటే బదులిచ్చే పాత గేర్‌బాక్స్ కింద, కొంటున్న మోడల్ పాతదే ఇవ్వాలి, లేకపోతే డిపాజిట్ కట్టాలి. నా దగ్గర 700ఆర్4 ఎక్కడిది? 300 కట్టడానికి సిద్ధపడే వెళ్ళా. "వద్దన్నా, మీ టర్బో 350 పడేయండి, నేను అడ్జస్ట్ చేసుకుంటా. మనలో మనకేంటి!" అన్నాడు. ఎంత పెద్ద మనసో అని ఇంటికొచ్చి మా ఆవిడకి కూడా చెప్పా. నా టర్బో 350కి ఏ జబ్బూ లేదు. కింద అట్టముక్క పరిస్తే పొద్దునకి ఒక్క చుక్క పడేది కాదు. దాన్ని శుభ్రంగా తుడిచి మరీ తీసుకెళ్ళి అప్పగించా.

బిగించింది నేను కాదు, మా ఇంటి దగ్గర మెకానిక్, పాతికేళ్ళకి పైగా ఇదే పని చేస్తున్న పెద్దాయన. డ్రైవ్‌షాఫ్ట్ మూడు అంగుళాలు కోయించాం, ఎందుకంటే ఇది 30.75 అంగుళాల పొడవు. కొత్త కూలర్ పెట్టాం. కన్వర్టర్ (ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండే భాగం) లాకప్ వైరింగ్ చేశాం. టీవీ కేబుల్ (థ్రాటిల్ వాల్వ్ కేబుల్, కార్బురేటర్ నుంచి గేర్‌బాక్స్‌కి వచ్చేది) దగ్గర ఆయన పడ్డ శ్రద్ధ చూసి నాకే విసుగొచ్చింది. 700ఆర్4లో క్లచ్‌లని నొక్కి పట్టే ప్రెషర్ ఎంత ఉండాలో ఆ కేబులే చెప్తుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు కేబుల్ కూడా పూర్తిగా లాగబడాలి, లేకపోతే క్లచ్‌లు జారి మాడిపోతాయి. నాది ఎడెల్‌బ్రాక్ కార్బురేటర్, దాని లింకేజీ కోణం ఈ కేబుల్‌కి నేరుగా సరిపోదు కాబట్టి దానికోసం అమ్మే బ్రాకెట్ కూడా పెట్టాం. ప్రెషర్ గేజ్ తగిలించి, కేబుల్ లాగుతుంటే ముల్లు సాఫీగా పైకి వెళ్తోందని వీడియో తీశాం. ఆ వీడియో నా ఫోన్‌లో తేదీతో సహా ఉంది.

కొన్నాళ్ళు స్వర్గమే. మా ఆవిడ కూడా ఎక్కింది. తర్వాత ఒక సాయంత్రం 35ఈ హైవే మీద రెండు నుంచి మూడులోకి మారే చోట ఇంజన్ ఒక్కసారిగా గోల పెట్టింది, బండి మాత్రం ముందుకి కదల్లేదు. మూడు లేదు, నాలుగు లేదు. ఆ రెండింటికీ ఒకటే క్లచ్ ప్యాక్, పోతే రెండూ పోతాయి. షోల్డర్‌లో ఆపి డిప్‌స్టిక్ తీస్తే మాడు వాసన. రెండో గేరులో హజార్డ్ లైట్లు వేసుకుని సర్వీస్ రోడ్డు పట్టుకుని ఇల్లు చేరాం. దారి పొడుగునా మా ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు, అదింకా భయం.

పెద్దాయన దింపి, కన్వర్టర్ బయటికి లాగి, షాఫ్ట్ మీద టార్చ్ కొట్టి నన్ను పిలిచాడు. ఒక స్ప్లైన్ మీద మార్కర్‌తో గీత పెట్టి నాతోనే లెక్కపెట్టించాడు. 27. నమ్మలేక మళ్ళీ లెక్కపెట్టా. 27. తర్వాత పాన్ (అడుగున ఉండే నూనె పళ్ళెం) బిగించే కేస్ అంచు మీద జిడ్డు గీకి చూపించాడు. అక్కడ కొట్టి ఉండే కోడ్‌లో మొదటి అంకె మోడల్ సంవత్సరం. మూడు. అంటే ఎయిటీ ఎయిట్ అని నాకు అంటగట్టింది 1983ది.

దాన్ని పెద్దాయన ట్రక్కులో వేసుకుని షాపుకి తీసుకెళ్ళాం. ఇక్కడి నుంచి నిదానంగా చెప్తా, ఎందుకంటే కళ్ళు మూసుకుంటే నాకిదే కనిపిస్తోంది.

షాపాయన బయటికి వచ్చాడు. గేర్‌బాక్స్ ఇంకా ట్రక్కులోనే ఉంది, దాని మీద చెయ్యి కూడా వెయ్యలేదు. పాన్ విప్పలేదు. దూరం నుంచే "టీవీ కేబుల్ సర్. కస్టమర్ డ్యామేజ్. వారంటీలో రాదు" అన్నాడు. గేజ్ వీడియో పెట్టి ఫోన్ ముందుకి చాపితే అటు చూడనైనా చూడలేదు. సరే, కేబుల్ సంగతి పక్కన పెట్టండి, స్ప్లైన్లు 27 ఎందుకున్నాయి, కోడ్‌లో మూడు ఎందుకుంది అని అడిగా. "లోపల పార్ట్స్ అన్నీ కొత్తవే కదా సర్, కేస్ ఏదైతే మీకెందుకు?" అన్నాడు. ఇన్‌పుట్ షాఫ్ట్ లోపలి పార్ట్ కాదా అంటే, కౌంటర్ దగ్గర నిలబడి ఉన్న ఇంకో కస్టమర్ వైపు తిరిగి నవ్వుతూ, "సాఫ్ట్‌వేర్ వాళ్ళతో ఇదే ప్రాబ్లమ్. రెండు యూట్యూబ్ వీడియోలు చూస్తారు, మెకానిక్‌లు అయిపోతారు" అన్నాడు. తెలుగులోనే అన్నాడు. ఆ కస్టమరూ మనవాడే, పాపం ఎటు చూడాలో తెలీక ఫోన్ తీశాడు.

నేను అప్పటికీ గొంతు పెంచలేదు. సరే, నా డబ్బు ఇవ్వకపోతే మానె, నా టర్బో 350 నాకు ఇచ్చేయండి, బండి నడుపుకుంటా అన్నా. "అది ఎప్పుడో స్క్రాప్‌కి పోయింది సర్."

ఆ మాట అంటున్న మనిషి వెనకాల ర్యాక్ ఉంది. కింది అరలో వెండి రంగు కొట్టిన టర్బో 350 ఒకటి. కొత్త పెయింట్, మెడలో ధర చీటీ. 650. నా చూపు దాని పాన్ మీద పడింది. టర్బో 350 పాన్‌కి 13 బోల్టులు. అందులో పన్నెండు మామూలు ఆరు పలకల తలలు, మూలన ఉన్నది మాత్రం అలెన్ బోల్టు (తలలో ఆరు పలకల గుంట ఉండేది). ఆ అలెన్ బోల్టు నేను పెట్టిందే. పాత బోల్టు తల అరిగిపోతే చేతికి దొరికింది బిగించా. పెయింట్ కొట్టినవాడు దాని గుంటలో కూడా నింపేశాడు, అయినా గుర్తుపట్టనా?

"అది నాది" అన్నా. ఒక్క క్షణం తడబడతాడేమో అనుకున్నా. లేదు. వంగి చీటీ చూసి, "కావాలంటే మీకు 600కి ఇస్తా సర్. తెలుగువాళ్ళు కాబట్టి" అన్నాడు.

నా గేర్‌బాక్స్. 600. తెలుగువాళ్ళం కాబట్టి యాభై తగ్గింపు. మా పెద్దాయనకి తెలుగు రాదు, నా ముఖం చూసి భుజం పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు. లేకపోతే ఆ రోజు నేను ఏం చేసేవాణ్ణో నాకే తెలీదు.

ఆ రాత్రి బ్యాంకుకి ఫోన్ చేశా. జెల్‌లో మనంతట మనం పంపిన డబ్బుకి కొనుగోలు రక్షణ ఉండదన్నారు. క్రెడిట్ కార్డు అయితే డిస్ప్యూట్ వేసి ఉండేవాణ్ణి. ఆ మూడు శాతం మిగిల్చిన నా తెలివికి శాలువా కప్పి సన్మానం చేయాలి.

సరే, కొనబోయేవాళ్ళకి నాలుగు ముక్కలు. డబ్బు ఇవ్వకముందే కన్వర్టర్ బయటికి లాగించి స్ప్లైన్లు లెక్కపెట్టండి. పాన్ అంచు మీది కోడ్ ఫోటో తీసి, ఆ కోడ్‌ని ఇన్వాయిస్ మీద రాయించండి, "87 ప్లస్" లాంటి రాతలు కాదు. కార్డు తీసుకోనంటే లేచి వచ్చేయండి. నడుస్తున్న పాత గేర్‌బాక్స్‌ని కోర్ కింద ఎవరికీ ఇవ్వకండి, డిపాజిట్ కట్టినా సరే, కొత్తది నిలబడిందని నమ్మకం కుదిరేదాకా గ్యారేజీలో ఉంచుకోండి. పొడవు లెక్కలు వేసేముందు మీ టర్బో 350 తోక కొలవండి, అవి 6, 9, 12 అంగుళాల్లో వచ్చాయి. 9 అంగుళాలది ఉన్నవాళ్ళకి 700ఆర్4 పెట్టినా షాఫ్ట్ జోలికి దాదాపు పోనక్కర్లేదు. కార్బురేటర్ బ్రాకెట్ లేకుండా మాత్రం బండి వీధి కూడా దాటించకండి, ఆ విషయంలో ఆ మహానుభావుడు చెప్పింది అబద్ధం కాదు, నా బండి విషయంలోనే అబద్ధం.

జస్టిస్ కోర్టులో వేస్తున్నా. టెక్సస్‌లో 20,000 డాలర్ల దాకా అక్కడ లాయర్ లేకుండా మనమే వేసుకోవచ్చు. ఆయన రాసిన ఇన్వాయిస్, కోడ్ ఫోటో, గేజ్ వీడియో, అలెన్ బోల్టు కనిపించేలా ట్రక్కు కింద పడుకుని పోయినేడాది తీసిన ఫోటో, అన్నీ ఒకచోట పెట్టా. ఆయన దగ్గర "87 ప్లస్" కొన్నవాళ్ళు ఇంకెవరైనా ఉంటే మీ పాన్ అంచు ఒకసారి గీకి చూసి, ఆ కోడ్ ఫోటో, ఇన్వాయిస్ ఫోటో నాకు మెసేజ్ పెట్టండి. బండి బాగానే నడుస్తున్నా సరే పెట్టండి.