అంతర సూది రెండున్నరేళ్లు, ఛాయ మాత్ర ఏడాదిన్నర: మా హెల్త్ సెంటర్‌లో నా అనుభవం

2021 జూన్‌లో గర్భం రాకుండా వేసే అంతర సూది మొదటిసారి వేయించుకునే నాటికి నాకు 22 ఏళ్లు, బాబుకి ఆరో నెల. గుంటూరు పక్కన చిన్న టౌను మాది. పెద్దాపరేషన్‌తో కాన్పయింది, మూడేళ్ల దాకా రెండో కాన్పు పెట్టుకోవద్దని డాక్టరమ్మ చెప్పింది. ఎలా ఆపుకోవాలో మాత్రం చెప్పలేదు. అత్తయ్య దగ్గర ఒకటే మాట: ఇంకొకరిని కనేసి ఆపరేషన్ చేయించేసుకో, గొడవ వదిలిపోతుంది.

మా వైపు అందరూ చేసేది అదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల పెళ్లైన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయినవాళ్లే. మాత్రలు, లూప్, సూది, కండోమ్ అన్నీ కలిపినా రెండు శాతం లోపే. అందుకేనేమో, సెంటర్‌లో అడుగుపెట్టగానే "పిల్లలెంతమంది? ఆపరేషన్ ఎప్పుడు?" అనేస్తారు.

సూది సంగతి నాకు చెప్పింది మా ఆశక్క. 2017 నుంచి గవర్నమెంటు ఆసుపత్రుల్లో ఫ్రీగా ఇస్తున్నారని, మూడు నెలలకోసారి చాలని, పాలిచ్చే తల్లులు కూడా ఆరు వారాలు దాటాక వేయించుకోవచ్చని. మొదటిరోజు గంటన్నర ఓపీ లైన్లో నిలబడ్డాను. ముందు జ్వరాలవాళ్లు, వెనక కోవిడ్ టీకాలవాళ్లు. చీటీ రాసే ఆయన "దేనికొచ్చావమ్మా?" అని లైనంతా వినపడేలా అడిగాడు. మెల్లగా చెప్పాను. "అయితే మీ ఆయన్ని తీసుకురా, సంతకం కావాలి" అన్నాడు. ఆశక్క వెనక నుంచి వచ్చి, సూదికి భర్త సంతకం కావాలని ఎక్కడుందో చూపించండి సార్ అంది. అలాంటి రూలు లేదు మరి. ఆవిడ రాకపోయి ఉంటే నేను ఇంటికెళ్లిపోయేదాన్ని, ఈ రివ్యూ ఉండేది కాదు.

లోపలికి వెళ్లాక మాత్రం పని శుభ్రంగా జరిగింది. బీపీ చూశారు, బరువు చూశారు, లివర్ జబ్బులు, రొమ్ములో గడ్డలు, కారణం తెలియని బ్లీడింగ్ ఉన్నాయా అని డాక్టర్ అడిగారు. సిస్టర్ చేతికి సూది వేసి, రుద్దకు, కాపడం పెట్టకు అని చెప్పి, తర్వాతి తేదీ రాసిన కార్డు ఇచ్చింది. ఇంకో మాట కూడా చెప్పింది: "మొదట్లో బ్లీడింగ్ ఇష్టమొచ్చినట్టు అవుతుంది, తర్వాత డేటే ఆగిపోవచ్చు. భయపడి మానేయకు." ఈ మాట ముందే చెప్పడం వల్లే నేను నిలబడ్డాను. నాతోపాటు మొదలుపెట్టిన ఇద్దరు రెండో సూదికి రాలేదు. వాళ్లకెవరూ చెప్పలేదట.

సిస్టర్ చెప్పినట్టే అయింది. ఐదు నెలలు కొంచెం కొంచెం మరకలు, ఒక్కోసారి పది రోజులు. మూడో సూది తర్వాత పూర్తిగా ఆగింది. అత్తయ్యకి టెన్షన్. నెల తప్పావా అని ఒకటి, చెడు రక్తమంతా లోపలే పేరుకుపోతుందని ఇంకొకటి. గర్భసంచి లోపల పొర మందంగా పెరగదు కాబట్టి పోవడానికి ఏమీ ఉండదని సిస్టర్ చెప్పిందే ఆవిడకి చెప్పాను. నమ్మినట్టు లేదు. కానీ వినాయక చవితికీ సంక్రాంతికీ కోడలు 'బయట' ఉండే బాధ తప్పిందని లోలోపల సంతోషించిందని నా అనుమానం.

బరువు నాలుగు కిలోలు పెరిగాను. సూది వల్లో, బాబు ప్లేట్లో మిగిలిన అన్నం తినడం వల్లో తేల్చి చెప్పలేను. ఎముకల బలం కొంత తగ్గొచ్చని, ఆపాక మళ్లీ కోలుకుంటుందని డాక్టర్ చెప్పారు. అందుకని రోజూ పెరుగు మానలేదు.

పది సూదులు ఇలాగే గడిచాయి. 2023 డిసెంబర్‌లో వెళ్తే స్టాక్ లేదన్నారు. వచ్చే వారం రా అన్నారు. వచ్చే వారం వెళ్తే సోమవారం అన్నారు. మూడుసార్లు ఆటో ఖర్చు, మూడుసార్లు బాబుని పక్కింట్లో వదలడం. తేదీ దాటాక నాలుగు వారాల దాకా వేయించుకోవచ్చు, ఆ గడువు కూడా దగ్గరకొచ్చేసింది. బయట కొనుక్కోమని సలహా ఇచ్చారు. నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది ఇదే. సూది పనిచేస్తుంది, సిస్టర్ మంచిది, కానీ పెట్టెలో సూది లేకపోతే ఇవన్నీ ఎందుకు?

చివరికి నిశ్చయ్ కిట్‌తో గర్భం లేదని టెస్ట్ చేసి, గర్భం రాకుండా వేసుకునే ఛాయ మాత్రలు ఇచ్చారు. లక్నోలోని సీడీఆర్ఐ (కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ) వాళ్లు కనిపెట్టిన మందు, హార్మోన్ మాత్ర కాదు. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. నాకు ఆదివారం, బుధవారం వచ్చాయి. నాలుగో నెల నుంచి ఆదివారం కోడికూర తిన్నాక మాత్ర, అదే గుర్తు. 2025 సంక్రాంతికి పుట్టింటికి వెళ్లి ఒకసారి మర్చిపోయాను. మూడు రోజులకి గుర్తొచ్చి వేసుకుని, మళ్లీ డేట్ వచ్చేదాకా కండోమ్ వాడాం. డేట్లు ఆలస్యంగా వస్తాయి, అది తప్ప నాకు ఇబ్బంది లేదు. పీసీఓడీ ఉన్నవాళ్లకీ, ఈమధ్య కామెర్లు వచ్చినవాళ్లకీ ఇవ్వరు. సూది ఆపిన వెంటనే పిల్లలు కావాలంటే కుదరకపోవచ్చు, ఏడు నుంచి పది నెలలు పట్టొచ్చని చెప్తారు. నాకు ఆఖరి సూది తర్వాత ఎనిమిదో నెలలో డేట్ వచ్చింది.

ఇదంతా పెళ్లైన నా సంగతి. మా వీధిలో డిగ్రీ చదివే అమ్మాయి ఒకసారి ఎమర్జెన్సీ మాత్ర కోసం అదే సెంటర్‌కి వెళ్లింది. గర్భం రాకుండా, కలిసిన 72 గంటల్లోపు వేసుకోవాల్సిన మాత్ర అది, ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిది. లోపలున్నావిడ ముందు ఆ పిల్ల కాళ్ల వైపు చూసిందట, మెట్టెలున్నాయా అని. తర్వాత "అమ్మని తీసుకురా" అంది. ఆశా వర్కర్ సంచిలో రెండు రూపాయలకి దొరకాల్సిన మాత్రని ఆ పిల్ల వేరే టౌన్‌కి బస్సెక్కి వెళ్లి మెడికల్ షాపులో కొనుక్కుంది. ఇవ్వకూడదన్న చట్టమేమీ లేదు. కాకపోతే వాళ్లు రాసుకునే పుస్తకం పేరే 'అర్హులైన దంపతుల రిజిస్టర్'. పెళ్లికాని పిల్లకి అందులో రాయడానికి వరసే లేదు.

ఛాయ ఆపేశాక మొన్న నేను మళ్లీ వెళ్లాను, ఈసారి గర్భిణిగా పేరు రాయించుకోడానికి. "రెండోది కదా, ఆపరేషన్ రాసుకోమంటావా?" అన్నారు. ఇంకా మొదటి స్కాన్ కూడా కాలేదు. లూప్ రాసుకోండి అన్నాను, కాన్పైన 48 గంటల్లోపే వేసేయొచ్చట.