ఉచిత ట్రయలా, డబ్బు కట్టి చేసే పరీక్షా: పోలీసు శాఖకు ఏది మేలు?

ఈ మధ్య ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. "ఒక కంపెనీ కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చింది, కొన్నాళ్లు ఉచితంగా వాడి చూడమంటోంది. తీసుకోవచ్చా? లేక కొంత ఖర్చు పెట్టి పద్ధతిగా పరీక్ష పెట్టుకోవాలా?" అడిగేవాళ్లలో పోలీసు శాఖల వాళ్లున్నారు, బడ్జెట్ చూసేవాళ్లున్నారు, మామూలు పౌరులూ ఉన్నారు. బాడీ కెమెరా అంటే పోలీసులు ఒంటికి తగిలించుకునే కెమెరా. ముఖాలు గుర్తుపట్టే కెమెరా అంటే, దారిన పోయేవాళ్ల ముఖాలను పోలీసులు వెతుకుతున్నవాళ్ల జాబితాతో పోల్చి చూసేది. ఇక నేరుగా విషయానికి వస్తాను.

ముందుగా ఉచిత ట్రయల్. దీన్ని తీసిపారేయడానికి లేదు. టెండరు పిలవక్కర్లేదు, సంతకాల కోసం నెలల తరబడి తిరగక్కర్లేదు. ఒక స్టేషన్‌లో నలుగురికి లాగిన్లు ఇస్తే, ఆ పరికరం వాళ్ల చేతికి అలవాటవుతుందో లేదో పది రోజుల్లో తెలుస్తుంది. డెమోలో బ్రహ్మాండంగా కనిపించిన యాప్ రాత్రి డ్యూటీలో, వానలో, గ్లోవ్స్ వేసుకున్న చేతులతో పనిచేయకపోవచ్చు. అది తెలుసుకోవడానికి వాడి చూడటాన్ని మించిన దారి లేదు.

చిక్కల్లా ఎక్కడంటే, ఖర్చు సున్నా అయితే ఆ ఫైలు ఎవరి బల్ల మీదకీ వెళ్లదు. అమెరికాలోని న్యూ ఓర్లీన్స్‌లో జరిగింది అదే. పాలంటీర్ కంపెనీ 2012 నుంచి అక్కడి పోలీసులకు తన విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా ఇచ్చింది. కొనుగోలు కాదు కాబట్టి మామూలుగా జరిగే తనిఖీ జరగలేదు. 2018లో పత్రికల్లో వచ్చేదాకా నగర కౌన్సిల్ సభ్యులకే ఆ సంగతి సరిగా తెలియదు. ఆ ఏడాదే ఆ ఏర్పాటు ముగిసింది.

ఫొటోలోని ముఖాన్ని బట్టి మనిషెవరో చెప్పే సాఫ్ట్‌వేర్ అమ్మే క్లియర్‌వ్యూ ఏఐ కంపెనీ ఇంకో అడుగు ముందుకేసి, ట్రయల్ ఖాతాలను నేరుగా పోలీసు ఉద్యోగుల చేతికే ఇచ్చింది. స్వీడన్‌లో కొందరు పోలీసు ఉద్యోగులు శాఖ అనుమతి లేకుండానే దాన్ని వాడారు. 2021 ఫిబ్రవరిలో అక్కడి డేటా రక్షణ సంస్థ పోలీసు శాఖకు 25 లక్షల క్రోనార్ల జరిమానా వేసింది. న్యూజీలాండ్‌లోనూ పోలీస్ కమిషనర్‌కు చెప్పకుండానే దీన్ని పరీక్షించారని 2020లో బయటపడింది.

ఉచిత ట్రయల్ నుంచి బయటికి రావడం కూడా కష్టమే. టేజర్ ఇంటర్నేషనల్ అనే కంపెనీ 2017 ఏప్రిల్‌లో ఆక్సాన్‌గా పేరు మార్చుకుంటూ, అమెరికాలో ఏ పోలీసు శాఖ అడిగినా ఏడాదిపాటు బాడీ కెమెరాలు ఉచితంగా ఇస్తామని ప్రకటించింది. కెమెరాతో పాటు వీడియోలు దాచుకునే క్లౌడ్ ఖాతా కూడా అందులో ఉంది. ఏడాది తర్వాత కెమెరాలను పెట్టెలో సర్ది వెనక్కి పంపేయొచ్చు. కానీ అప్పటికి ఏడాది వీడియోలు ఆ క్లౌడ్‌లో చేరి ఉంటాయి. వాటిలో కొన్ని కోర్టులో సాక్ష్యాలు. వాటిని ఎక్కడికి తరలించాలి, ఏ ఫార్మాట్‌లో, ఎవరి ఖర్చుతో? ఈ సంగతి మొదటి రోజే తేల్చుకోకపోతే, ఏడాది చివర "వద్దు" అనే హక్కు కాగితం మీదే మిగులుతుంది. డబ్బు కట్టేవాళ్లకూ ఈ ఇబ్బంది తప్పదు. న్యూయార్క్ పోలీసులు పాలంటీర్‌ను వదిలేసేటప్పుడు, తమ డేటా మీద జరిగిన విశ్లేషణను వేరే సాఫ్ట్‌వేర్‌లో వాడుకునేలా ఇవ్వాలా వద్దా అని ఇద్దరికీ గొడవైందని 2017లో వార్తలొచ్చాయి. తేడా ఏమిటంటే, డబ్బు కట్టేవాడు కాంట్రాక్టు రాసేటప్పుడే ఆ షరతు పెట్టించుకోగలడు.

ఇక డబ్బు కట్టి చేసే పరీక్ష. చిన్న మొత్తం, ఖాయమైన గడువు, ముందే రాసుకున్న ప్రశ్నలు, లెక్క వేయడానికి బయటివాళ్లు. నా మొగ్గు దీనివైపే. ఎందుకంటే నా దృష్టిలో ఖర్చు, వేగం ఇవన్నీ తర్వాతి మాటలు. అసలు తేల్చేది ఒక్కటే: తూకం రాళ్లు ఎవరి చేతిలో ఉన్నాయి?

లండన్ మెట్రోపాలిటన్ పోలీసుల కథ చూడండి. 2016 నుంచి 2019 వరకు వాళ్లు ముఖాలు గుర్తుపట్టే కెమెరాలను పది విడతలుగా పరీక్షించారు. ఎసెక్స్ యూనివర్సిటీ పరిశోధకులు ఆరు విడతల్లో దగ్గరుండి అంతా చూశారు. ఆ ఆరింటిలో "జాబితాలో ఉన్న మనిషి ఇతనే" అని కంప్యూటర్ 42 సార్లు చెప్పింది. తెర ముందు కూర్చున్నవాళ్లు అందులో 16 చూడగానే నమ్మశక్యంగా లేవని పక్కన పెట్టేశారు. నలుగురు జనంలో కలిసిపోయారు. మిగిలిన 22 మందిని వీధిలో ఆపి అడిగితే 14 మంది వేరేవాళ్లని తేలింది. అసలు మనుషులు 8 మంది. పరిశోధకుల లెక్కలో 42కి 8.

అదే పరీక్షకు పోలీసులు చెప్పిన లెక్క: వెయ్యికి ఒక్క తప్పు. వాళ్లు అబద్ధం ఆడలేదు. కెమెరా ముందు నుంచి నడిచిపోయిన ముఖాలన్నిటితో తప్పుల్ని భాగించారు. కూడికలూ భాగహారాలూ రెండు చోట్లా సరైనవే. కానీ తన దారిన తాను పోతుంటే పోలీసులు ఆపిన మనిషికి ఏ లెక్క కావాలి? ఆపినవాళ్లలో ఎంతమందిని తప్పుగా ఆపారన్నదే కదా. పరిశోధకులు అక్కడ నిలబడి రాసుకోకపోతే మనకు దక్కేది "వెయ్యికి ఒకటి" మాత్రమే.

లెక్క వేసేది బయటివాళ్లయినా, సాఫ్ట్‌వేర్ లోపల ఏముందో కంపెనీ చెప్పకపోతే అది సగం పరీక్షే. బ్రిటన్‌లోని సౌత్ వేల్స్ పోలీసులు 2017 జూన్‌లో కార్డిఫ్‌లో జరిగిన ఛాంపియన్స్ లీగ్ ఫుట్‌బాల్ ఫైనల్‌కు ఇలాంటి కెమెరాలే పెట్టారు. కంప్యూటర్ చూపించిన 2,470 పోలికల్లో 2,297 తప్పు. తర్వాత ఒక పౌరుడు కోర్టుకు వెళ్తే, ఈ పోలీసులు ఆ కెమెరాలను వాడిన తీరు చట్టవిరుద్ధమని 2020 ఆగస్టులో అప్పీలు కోర్టు తేల్చింది. కారణాల్లో ఒకటి ఈ చర్చకు ముఖ్యం. సాఫ్ట్‌వేర్‌కు ఏ ముఖాలతో శిక్షణ ఇచ్చారో కంపెనీ వ్యాపార రహస్యమంటూ బయటపెట్టలేదు. అది కొన్ని జాతుల వాళ్ల విషయంలోనో, ఆడవాళ్ల విషయంలోనో ఎక్కువ తప్పులు చేస్తుందా అన్నది పోలీసులు సొంతంగా నిర్ధారించుకోలేదు. కంపెనీ చెప్పలేదన్న కారణంతో శాఖ బాధ్యత తీరదని ఆ తీర్పు గట్టిగా చెప్పింది. ఏ కాంట్రాక్టులోనైనా ఈ షరతు మొదటి పేజీలో ఉండాలని నేను కోరుకుంటాను.

మిగతా దారుల గురించి రెండు ముక్కలు. సొంతంగా తయారు చేసుకోవడం అన్ని శాఖలకూ సాధ్యం కాదు. ఇంగ్లండ్‌లోని డరమ్ పోలీసులు కేంబ్రిడ్జ్ యూనివర్సిటీతో కలిసి, అరెస్టయిన వాళ్లు మళ్లీ నేరం చేసే అవకాశాన్ని అంచనా వేసే సాధనాన్ని తయారు చేసుకున్నారు. అలాంటిదాన్ని నడపడం, కొత్త డేటాతో సరిచూడటం ఎప్పటికీ తీరని పని. కంపెనీతో భాగస్వామ్యం ఇంకో రకం. న్యూయార్క్ పోలీసులు మైక్రోసాఫ్ట్‌తో కలిసి చేసిన వ్యవస్థను వేరే నగరాలకు అమ్మితే నగరానికి 30 శాతం వాటా వస్తుందని 2012లో ప్రకటించారు. డబ్బు వస్తుంది, నిజమే. కానీ అమ్మకంలో వాటా ఉన్నవాడు ఆ వస్తువు పనిచేయడం లేదని చెప్పగలడా?

"పక్క శాఖలో పనిచేసిందట, మనమూ కొనేద్దాం" అన్నది ఇంకో దారి. కాలిఫోర్నియాలోని రియాల్టోలో 2012లో బాడీ కెమెరాల మీద జరిగిన పరీక్షలో బలప్రయోగం తగ్గిందని చూసి ఎన్నో శాఖలు కెమెరాలు కొన్నాయి. వాషింగ్టన్ డీసీలో రెండు వేల మందికి పైగా పోలీసులతో అలాగే పరీక్ష పెడితే, బలప్రయోగంలో గానీ ఫిర్యాదుల్లో గానీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదని 2017లో తేలింది. దీని మీద ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

డబ్బు కట్టే పరీక్షలోనూ శాఖలు ఎక్కువగా మర్చిపోయేది "ముందు" లెక్క. ఒక డెమోలో నేనూ కూర్చున్నాను. సాఫ్ట్‌వేర్ వచ్చాక రిపోర్టు రాయడానికి ఎన్ని నిమిషాలు పడుతోందో తెర మీద చూపించారు. అది రాకముందు ఎంత పట్టేదని అడిగాను. గదిలో ఎవరి దగ్గరా ఆ అంకె లేదు. ఎవరూ కొలవలేదు. దానికి భిన్నంగా అలాస్కాలోని యాంకరేజ్ పోలీసులు, బాడీ కెమెరా ఆడియో నుంచి రిపోర్టు చిత్తుప్రతి రాసిచ్చే ఏఐ సాధనాన్ని కొన్ని నెలలు వాడి చూశారు. అనుకున్నంత సమయం మిగలడం లేదని కొనకుండా ఆపేశారు. చిత్తుప్రతి రాసే పని మిషన్ చేసింది కానీ, రాసింది చదివి, తప్పులు దిద్ది, సంతకం పెట్టే పని పోలీసుకే మిగిలింది. అలా "వద్దు" అని ముగిసిన పరీక్షను నేను విజయంగానే లెక్కిస్తాను.

"మాది చిన్న శాఖ, యూనివర్సిటీలు, పరిశోధకులు మాకెక్కడ దొరుకుతారు?" అని కూడా అడుగుతున్నారు. రియాల్టోలో ఆ పరీక్షకు తీసుకున్నది 54 మంది పోలీసులను. దాన్ని నడిపిన చీఫ్ టోనీ ఫరార్ అప్పుడు కేంబ్రిడ్జ్‌లో చదువుకుంటున్నారు. ఏ షిఫ్టుకు కెమెరాలు, ఏ షిఫ్టుకు వద్దు అన్నది ఎవరి ఇష్టానికీ వదలకుండా లాటరీ పద్ధతిలో తేల్చారు. ఏడాదిలో మొత్తం 988 షిఫ్టులు. బలప్రయోగం కెమెరాలున్న షిఫ్టుల్లో 8 సార్లు, లేని షిఫ్టుల్లో 17 సార్లు జరిగింది. ఫలితం వేరే ఊరికి వర్తించకపోవచ్చు గానీ, పద్ధతి ఎవరైనా చేయగలిగిందే. షిఫ్టుల పట్టిక, లాటరీ, రాసిపెట్టుకునే ఒక పుస్తకం చాలు. ఇప్పటికే ఉచిత ట్రయల్‌లో ఉన్నవాళ్లు కూడా ఈ వారమే సగం షిఫ్టులకు పరికరం తీసేసి, రెండు వైపులా లెక్క రాయడం మొదలుపెట్టొచ్చు. అందుకు కంపెనీ ఒప్పుకోకపోతే, ట్రయల్ కొనసాగించాలా వద్దా అన్నదానికి మీకు జవాబు అక్కడే దొరికినట్టు.