ఓడలో మొదటి బంతి, రెండో బంతి

హన్మకొండలో ఏ పెళ్లికి పోయినా మా మామయ్యది ఒకటే పద్ధతి. మొదటి బంతిలో చోటు దొరక్కపోతే, తింటున్నవాళ్ల వెనక కుర్చీ పట్టుకుని నిలబడతారు. సింగపూర్‌లో క్రూజ్ ఓడ ఎక్కిన మొదటి రాత్రి కూడా నిలబడ్డారు. కాకపోతే డైనింగ్ హాల్ బయట, లైన్లో, నలభై నిమిషాలు. అప్పటికే షుగర్ మాత్ర వేసుకున్నారాయె, నాకు ఒకటే టెన్షన్.

తప్పు సగం మాది, సగం టికెట్లు చేసిన ఏజెంటుది. ఓడ బుక్ చేసేటప్పుడే రాత్రి భోజనం ఏ పద్ధతిలో కావాలో అడుగుతారు. ఒకటి మన బంతి భోజనం లాంటిదే. సాయంత్రం ఆరు లోపు మొదటి బంతి, ఎనిమిది ప్రాంతంలో రెండోది. అన్ని రాత్రులూ అదే టేబుల్, అదే వడ్డించే మనిషి, పక్కన తెలియనివాళ్లు కూర్చున్నా సర్దుకోవాలి. ఇంకో పద్ధతి ఫ్లెక్సిబుల్ డైనింగ్. సాయంత్రం నుంచి రాత్రి తొమ్మిది, తొమ్మిదిన్నర దాకా ఏ టైముకైనా పోవచ్చు. "ఎప్పుడు ఆకలైతే అప్పుడు పోండి మేడమ్" అన్నాడు ఏజెంటు. ఆ మాట నమ్మి ఊరుకున్నాం.

అతను చెప్పనిది ఏమిటంటే, ఈ ఫ్లెక్సిబుల్‌లోనూ రిజర్వేషన్ ఉంటుంది. ఓడ యాప్‌లో రోజు వారీగా టైము పట్టుకోవచ్చు. పట్టుకున్నవాళ్లకి ఒక లైను, ఊరికే వచ్చినవాళ్లకి ఇంకో లైను. ఏడు, ఏడున్నర టైములు ముందే నిండిపోతాయి. ఇద్దరి టేబుళ్లు కొంచెం త్వరగా ఖాళీ అవుతాయి గానీ ఆరుగురు ఒకచోట కూర్చోవాలంటే కష్టం. మాకు ఇంకో చిక్కు కూడా ఉంది. అత్తమ్మ, మామయ్యల గది ఒక బుకింగ్ నంబరు మీద, మా నలుగురిది ఇంకో నంబరు మీద. రెండూ లింక్ చేయలేదు. తీరా లోపలికి పోయాక మాకు ఒక టేబుల్, వాళ్లకి హాల్ అవతలి చివర ఇంకోటి. అత్తమ్మకి ఇంగ్లిష్ మెనూ చదివిపెట్టడానికి మా ఆయన అటూ ఇటూ తిరిగారు.

పొద్దున్నే హెడ్ వెయిటర్‌ని కలిశాం. పది నిమిషాల్లో రెండు నంబర్లూ కలిపి, మిగిలిన మూడు రాత్రులకూ 7.15 కి ఒకే టేబుల్ రాసేశారు. వడ్డించే మనిషి కూడా ఒకరే ఉండాలని అడిగాం, ఒప్పుకున్నారు. చాలామంది అడగరనుకుంటా. కేరళ కుర్రాడు వచ్చాడు. ముందు రోజే చెబితే కూరగాయల భోజనం మనవైపు రుచికి దగ్గరగా చేయించాడు. రెండో రాత్రికి అడక్కుండానే అత్తమ్మ ముందు పెరుగు గిన్నె పెట్టాడు. ఫ్లెక్సిబుల్ తీసుకుని, టైమూ టేబులూ స్థిరం చేసుకోవడం మాకు బాగా కుదిరింది.

అసలు బంతి భోజనమే తీసుకుంటే పోయేది కదా అంటారేమో. సింగపూర్ మనకన్నా రెండున్నర గంటలు ముందు. అక్కడ సాయంత్రం ఆరంటే హన్మకొండలో మూడున్నర, టీ కూడా తాగని టైము. అప్పుడు అన్నం ఎవరికి దిగుతుంది? పైగా థాయ్‌లాండ్‌లోని ఫుకెట్‌లో మా ఓడ తీరానికి దూరంగా లంగరు వేసింది, చిన్న పడవల్లో తీసుకెళ్లి తీసుకొచ్చారు. తిరుగు పడవ కోసం ఎండలో పెద్ద లైను. ఆ రోజు 7.15 అందుకోలేమని యాప్‌లో 8.30 కి మార్చుకున్నాం, ఇట్టే అయిపోయింది. మొదటి బంతివాళ్లు కొందరు ఉసూరుమంటూ బఫేకి పోవడం చూశాం. బఫేకి రిజర్వేషన్ అక్కర్లేదు, రుచీ ఫర్వాలేదు, కాకపోతే ప్లేటు పట్టుకుని ఖాళీ కుర్చీ వెతుక్కోవాలి. డబ్బు కట్టే స్పెషల్ రెస్టారెంట్ల జోలికి మేం పోలేదు.

ఫుకెట్‌లోనే ఇంకో తమాషా. అక్కడి టైము సింగపూర్ కన్నా గంట వెనక. ఫోన్లు వాటంతట అవే మారిపోయాయి, ఓడ మాత్రం తన టైములోనే ఉంది. మామయ్య చేతికున్న పాత హెచ్‌ఎంటీ గడియారమే ఆ పూట మాకు దిక్కు.

గదుల సంగతి: పెద్దవాళ్లకి బాల్కనీ గది తీసుకోవడం మంచిదైంది. మేం కిటికీ లేని గది తీసుకున్నాం, డబ్బు మిగిలింది. కానీ పొద్దెక్కినా చీకటే, పిల్లలు రెండు రోజులు టిఫిన్‌కి అందలేదు. టిప్పులు తలకి రోజుకి 18 డాలర్లు, ఆరుగురికి నాలుగు రాత్రులకు 432 డాలర్లు బిల్లులో పడ్డాయి. పిల్లలకీ అంతే. బడ్జెట్‌లో ముందే వేసుకోండి.

ఓడకి ముందు రాత్రి సింగపూర్‌లో లిటిల్ ఇండియా అనే పేటలో దిగాం. గది అగ్గిపెట్టెంత, సూట్‌కేసు తెరిస్తే నడిచే చోటు లేదు. అయినా మళ్లీ అక్కడే దిగుతాను. సెరంగూన్ రోడ్డులో 1947 నుంచి ఉన్న కోమల విలాస్ నడిచిపోయేంత దూరం, అక్కడ దోసె తిన్నాక అత్తమ్మ ముఖంలో వెలుగొచ్చింది. ఓడ రేవుకి మెట్రోలో పోవచ్చు, మెరీనా సౌత్ పియర్ స్టేషన్‌లో దిగాలి. మేం సామాన్లతో టాక్సీలో పోయాం.

చివరి రాత్రి మేం తయారై వెళ్లేసరికి మామయ్య హాల్ ముందు ఉన్నారు. టైము ఏడు. మన టేబుల్ మనకే ఉంటుంది, పదిహేను నిమిషాలు ఆగి రావచ్చు కదా మామయ్యా అన్నాను. అద్దంలోంచి లోపలికి తొంగి చూస్తూ, "ఏమో బిడ్డా, బంతి ఇంకా లేసినట్టు లేదు" అన్నారు.