గోల్స్ కొట్టలేకా, ఆపలేకా?

మారతహళ్లి రూమ్‌లో 2023–24 ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్) మీద మా బావకీ నాకూ ఇప్పటికీ వాదనే. బెంగళూరు ఎఫ్‌సీ 22 మ్యాచ్‌ల్లో 5 గెలిచి పదో స్థానంలో మిగిలింది.

తప్పంతా డిఫెన్స్‌దే అంటాడు బావ. మా సొంత స్టేడియం కంఠీరవలోనే ముంబై చేతిలో 4–0, మోహన్ బగాన్ చేతిలో 4–0 ఓటములు. కాదనను. నాలుగో గోల్ పడ్డాక పక్క సీటు పిల్లాడు మెడలోని నీలం స్కార్ఫ్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

కానీ సీజన్ మొత్తంలో 34 గోల్స్ ఇచ్చుకున్న జట్టు కొట్టింది 20. మ్యాచ్‌కి ఒక్కటీ లేదు! 39 ఏళ్ల స్ట్రైకర్ సునీల్ ఛెత్రీ వైపే ఇంకా ఆశగా చూశాం. 7 డ్రాల్లో ఒక్కో గోల్ ఎక్కువ పడినా మూడేసి పాయింట్లు వచ్చేవి. గోల్ రావట్లేదన్న టెన్షన్‌లో డిఫెండర్లూ ముందుకు పరుగెత్తితే, వెనక ఖాళీ కాక ఏమవుతుంది? నా ఓటు ఎటాక్ మీదే.